లేత్ ఎంచినవాడిదే తొలి కాల్పు

భయపడ్డానని చెప్పుకోవాలంటే ఉద్యోగం మానేదాకా ఆగాలి. ఉద్యోగంలో ఉండగా చెబితే దాన్ని చేతగానితనం అంటారు. మానేశాక చెబితే అనుభవం అంటారు. నేను పని మాని చాలా కాలమైంది కాబట్టి, కొత్తగా ఇనుముతో, యంత్రాలతో పనిలోకి దిగుతున్న మీలాంటి చిన్నవాళ్ళకు ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. ఒక దసరా నుంచి దీపావళి వెళ్ళేదాకా నేను భయపడటం తప్ప చెప్పుకోదగ్గ పనేదీ చెయ్యలేదు. జీతం మాత్రం మామూలుగానే పుచ్చుకున్నాను.

వేలూరు బజారులో మోటారు కారు కనిపిస్తే చేతిలో పని వదిలేసి జనం వీధిలోకి పరుగెత్తే రోజులవి. మదరాసులో బి.ఏ. చదివి, తర్కశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఏ ఉద్యోగమూ దొరక్క ఊరికి తిరిగి వచ్చిన నన్ను తుపాకులు బాగుచేసే కొట్టులో పెట్టుకున్నారు. తుపాకీకి తర్కంతో పనేమిటని అడక్కండి. తుపాకీకి లైసెన్సుతో పని ఉంది, లైసెన్సుకి ఇంగ్లీషు అర్జీలతో పని ఉంది. నేను అర్జీలు రాసేవాణ్ణి. తుపాకీ కాల్చడం మాట అటుంచి, దాన్ని గోడకు ఆనించేటప్పుడు కూడా మూతి ఎటు ఉందో ఒకటికి రెండుసార్లు చూసుకునేవాణ్ణి.

కొట్టు యజమాని పెద్దాయన. భూములున్న కుటుంబం. ఆయనకు కుడికన్ను లేదు. ఆ కన్ను ఉండాల్సిన చోటి నుంచి దవడ దాకా, ఆవాలు చల్లినట్టు నీలం చుక్కలు. వయసులో ఉండగా తానే బాగుచేసిన తుపాకీ వెనక నుంచి పేలి, మందు చర్మంలో ఇంకిపోయి మిగిల్చిన చుక్కలవి. ఆయన వాటి గురించి ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. అవసరం కూడా లేదు. కొట్టులో పనిచేసేవాళ్ళందరం రోజంతా ఆయన ముఖమే చూస్తూ ఉండేవాళ్ళం.

ఆ కొట్టుకి ఒక నియమం ఉంది. ఏ తుపాకీ బాగుచేసినా, బాగుచేసినవాడే తొలి కాల్పు కాల్చాలి. అదీ తన భుజానికి ఆనించుకుని, తన చెంప తుపాకీకి తాకించి. దూరంగా కట్టేసి తాడు లాగడం ఒప్పుకోరు. "తాడు కట్టి కాల్చిన తుపాకీని కొన్నోడు తాడు కట్టే కాల్చుకుంటాడా?" అని యజమానిగారి తండ్రి అనేవాడట. ఆ తండ్రి నియమం పెట్టాడు, ఈ కొడుకు కన్ను పోగొట్టుకున్నాడు, అయినా నియమం పోలేదు. మన పెద్దవాళ్ళ నియమాలకు అవయవాలకన్నా ఆయుస్సు ఎక్కువ.

పనిచేసేది మేస్త్రి. మంచి చెయ్యి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, తెలియనివాళ్ళకు ఆయనే తెలియజేసేవాడు. పాత మజిల్ లోడర్లు, అంటే మూతి వైపు నుంచి మందు కూరే నాటు తుపాకులు, మా కొట్టుకి ఎక్కువ వచ్చేవి. వాటి గొట్టానికి వెనక వైపు మరతో బిగించే ఇనప బిరడా ఒకటి ఉంటుంది. మందు పేలినప్పుడు కాల్చేవాడి ముఖానికీ ఆ పేలుడికీ మధ్య ఉన్నదల్లా ఆ బిరడా మరలే. మేస్త్రి వాటిని ఆకురాయితో, మర కోసే చేతి అచ్చులతో చుట్టు చుట్టూ తీర్చేవాడు. తీర్చాక మరలకు దీపం మసి పట్టించి, గొట్టంలో బిగించి, మళ్ళీ విప్పి చూసేవాడు. ఎక్కడ ఇనుముకి ఇనుము తగిలిందో అక్కడ మసి చెరిగి మెరుస్తుంది. మెరవని చోట మళ్ళీ ఆకురాయి. అన్ని చుట్లూ మెరిశాకే కాల్పు.

పని పెరిగింది. మేస్త్రి చూపు తగ్గింది. యజమాని లేత్, అంటే ఇనుమును తిప్పుతూ కోసే యంత్రం, కొనాలని నిశ్చయించాడు.

"బి.ఏ. చదివినావు కదా నాయనా, లేత్ ఎట్లాంటిది కొనాలో నువ్వే చూడు," అన్నాడు.

బి.ఏ.లో లేత్ లేదని చెప్పాను.

"మరి అన్ని పుస్తకాలు యాల చదివినావప్పా?" అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

చేసేదేమీ లేక మదరాసు నుంచి లేత్‌ల గురించి ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించి చదివాను. అందులో నాకు అర్థమైంది ఒక్కటే. తుపాకీ పనికి లేత్ కావాలంటే, పనిని తిప్పే ఇరుసులో గొట్టం దూరేంత బెజ్జం ఉండాలి. గొట్టం ఇరుసులోంచి అవతలికి వెళ్ళిపోతే, మర కోయాల్సిన కొస మాత్రం లేత్ తల దగ్గర, అంటే ఇరుసు ఉన్న వైపు, పొట్టిగా, వణక్కుండా నిలబడుతుంది. బెజ్జం చిన్నదైతే నిలువెత్తు గొట్టం బయటే ఉండి పాము తలలా ఊగుతుంది. ఊగే గొట్టానికి సరైన మర పడదు. మర సరిగ్గా పడకపోతే ఏమవుతుందో పుస్తకంలో బొమ్మ వెయ్యలేదు. మాకు ఆ బొమ్మ కొట్టులోనే ఉంది.

కాట్పాడిలో ఒక రైల్వే కంట్రాక్టరు దగ్గర లేత్ ఉందంటే మేస్త్రీ నేనూ వెళ్ళి చూశాం. ఏనుగంత ఉంది. తుప్పు పట్టింది. ఇరుసు బెజ్జంలో నా చూపుడువేలు దూరింది కానీ గొట్టం దూరేట్టు లేదు. వద్దన్నాను. తర్వాత గుడియాత్తంలో ఒకటుందని తెలిసింది. మగ్గాల సామాను చేసే ఒక నేత కుటుంబం వాళ్ళది. కాలితో తొక్కి నడిపేది, మర కోసే ఏర్పాటు ఉన్నది. యజమాని పంచాంగం చూశాడు.

"విజయదశమి నాడు పోండి. పనిముట్టు కొనేదానికి అంతకన్నా మంచి దినం ఉండదు," అన్నాడు.

బెజ్జం సరిచూడటానికి ఒక పాత గొట్టం వెంట తీసుకెళ్ళాలి. పనికిరాని గొట్టమే అయినా పోలీసు కంట పడితే గొట్టం గొట్టమే. లైసెన్సు కాగితాలు నా జేబులో ఉన్నాయి. కానీ పోలీసు ముందు కాగితం చూస్తాడా, ముందు నన్ను చూస్తాడా అన్నది తర్కశాస్త్రం తేల్చని ప్రశ్న. మేస్త్రి దాన్ని పట్టుగుడ్డ సంచిలో పెట్టి మూతికి తాడు కట్టాడు. రైల్లో ఎదురుగా కూచున్న ఒక పెద్దమనిషి దాన్ని చాలాసేపు చూశాడు.

"నాగస్వరమా అప్పా?" అన్నాడు.

"ఆఁ," అన్నాడు మేస్త్రి.

"యాడ కల్యాణం?"

"గుడియాత్తంలో."

"కొంజం వాయించేది. పొద్దు పోతాది కదా."

మేస్త్రి నా వైపు తిరిగి, "వాయించేది నేను కాదప్పా, ఈయన," అన్నాడు.

నాకు పళ్ళు నొప్పిగా ఉన్నాయని చెప్పాను. ఆయన నోరు తెరవమని చూసి, లవంగం ఇచ్చాడు. కాట్పాడిలో బండి ఆగినప్పుడు ఒక పోలీసు జవాను కిటికీ పక్కన నిలబడి బీడీ ముట్టించుకున్నాడు. ఆ బీడీ అయిపోయేదాకా నేను ఆ లవంగం నమలలేదు, మింగలేదు.

గుడియాత్తం స్టేషనులో దిగి జట్కాలో ఊళ్ళోకి వెళ్ళాం. ముందురోజే ఆయుధపూజ. వీధి వీధంతా మగ్గాలకు మామిడాకులు, చందనం, కుంకుమ. లేత్ ఉన్న ఇల్లు కూడా అంతే. లేత్ ఆ ఇంటి వసారాలో పెండ్లికూతురులా ఉంది. నూనె పెట్టి తుడిచిన ఇనుము, మెడలో బంతిపూల దండ. తల దగ్గర, బండి జరిగే పట్టాల మీద జానెడు మేర, వేలి మందాన చందనం, దాని మీద అరచేతి వెడల్పు కుంకుమ. (బండి అంటే కోసే పనిముట్టుని మోసుకుని అటూ ఇటూ జరిగే భాగం. ఆ పట్టాలు ఎంత సమంగా ఉంటే కోత అంత సమంగా ఉంటుంది.)

లేత్ ఆసామి మాటకారి. "చూడప్పా, చూడు! మా నాయన దీని మీద చెయ్యేసే ముందు తెల్లారి దేవుడి పటానికి మొక్కినట్లు మొక్కేటోడు. దీన్ని అమ్మేది నాకిష్టమా? మా ఇంట్లో ఎవురికీ కాళ్ళల్లో సత్తువ లేదు, తొక్కేదానికి."

గొట్టం బయటికి తీశాం. ఇరుసు బెజ్జంలో నల్లేరు మీద బండిలా దూరిపోయింది. అవతలి కొసన బయటికొచ్చిన గొట్టాన్ని చూస్తే నా బి.ఏ.కి అప్పటికి ఒక సార్థకత కలిగినట్టనిపించింది. ఆసామి పొడుగాటి ఇనుపకడ్డీ ఒకటి బిగించి, పట్టాల నడుమ భాగంలో కొంత దూరం కోసి చూపించాడు. కడ్డీ అద్దంలా వచ్చింది. మేస్త్రి దాన్ని వేళ్ళతో నిమిరి, "బాగుండాది," అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు.

"దీని మీద ఏమేం చేసేవాళ్ళు?" అని అడిగాను.

"మగ్గం సామాన్లే. చిన్న చిన్నవి. వేలెడు పొడవుంటాయి, అంతే."

ఆ మాట నా చెవిన పడింది. చెవిలోనే ఉండిపోయింది. అంతకంటే లోపలికి వెళ్ళలేదు.

పుస్తకంలో చెప్పినట్టు పట్టాల మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలు జరుపుతూ వచ్చాను. తల దగ్గరికి వచ్చేసరికి చందనం అడ్డమైంది. దాన్ని తుడవబోయాను.

"అయ్యయ్యో, వద్దు నాయనా!" అంటూ ఆసామి తల్లి లోపలి నుంచి వచ్చింది. "నిన్న పెట్టిన బొట్టు. దానంతట అది రాలిపోవాల. తుడిస్తే ఇంటికీ మంచిది కాదు, కొన్నోళ్ళకీ మంచిది కాదు."

మేస్త్రి నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. "బి.ఏ. చదివినోళ్ళకి బొట్టంటే భయం లేదమ్మా. మాకుండాది," అన్నాడు.

నిజానికి నాకూ ఉంది. అక్కడితో బేరం అయిపోయింది. ఆ తల్లి మోసం చేసిందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. యంత్రానికైనా మనిషికైనా బొట్టు తలకే పెడతారు.

లేత్ ఎడ్లబండి మీద వేలూరు చేరింది. దండా బొట్టూ చెదరకుండా తెచ్చాం. మేస్త్రి దానిమీద ఇంకో బొట్టు పెట్టాడు. మొదటి పని పొన్నై నుంచి వచ్చింది. అక్కడి ఒక రైతుకు తాతలనాటి మజిల్ లోడరు ఉంది. బిరడా మరలు తుప్పు తిని అరిగిపోయాయి. చెరుకుతోటలో అడవిపందులు పడుతున్నాయట.

మేస్త్రి గొట్టానికి లోపల మర కోశాడు. దానికి సరిపడే కొత్త బిరడా కోశాడు. బిగించి చూపించాడు. బిరడా మొదట్లో సులువుగా తిరిగింది, చివరికొచ్చేసరికి బిర్రుగా పట్టేసింది. యజమాని కూడా తిప్పి చూశాడు. రెండు చేతులతో పట్టినా కదల్లేదు.

"గట్టిగా కూచునింది," అన్నాడు యజమాని తృప్తిగా. "శరి, తొలి కాల్పు ఎప్పుడు మేస్త్రీ?"

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, "నన్నడగతారేమయ్యా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ మర కోసింది నా చెయ్యి. అందుకని నేను కాల్చినా. ఇప్పుడు కోసింది యంత్రం. నేను ఊరికే తొక్కినా. యంత్రాన్ని ఎంచిందెవురు? బి.ఏ. సామి. అయితే కాల్చాల్సిందెవురు? న్యాయం మీరే చెప్పండి."

యజమాని ఆ మాటను అటూ ఇటూ తూచి చూశాడు. తర్కశాస్త్రం చదివినవాడిగా నేను కూడా ఆ వాదంలో లోపం కోసం వెతికాను. లోపం లేదు. నా చదువు నా ప్రాణం మీదికి తెచ్చినంత చక్కగా ఇంకెవరి చదువూ తేలేదు.

"న్యాయంగానే ఉండాది నాయనా," అన్నాడు యజమాని నాతో, దిగులుగా. ఆయన ముఖం మీద కిటికీ వెలుతురు పడుతోంది. ఆ నీలం చుక్కలు ఒక్కొక్కటీ కనిపించాయి.

కాదని ఇంటికి వెళ్ళిపోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. వెళ్ళొచ్చు. ఉద్యోగం పోతుంది, అది సరే. కానీ లేత్ ఎంచినవాడే కాల్చనన్న తుపాకీని పొన్నై రైతు తీసుకుపోయి చెరుకుతోటలో కాలుస్తాడు. నేను తప్పుకుంటే ఆ బిరడా వెనక ఉండే ముఖం మారుతుంది, బిరడా మారదు. అందుకని ఊరుకున్నాను.

కాల్పుకి దీపావళి వెళ్ళాక ఒక మంచి రోజు పెట్టారు. ఆ నడుమ రోజుల్లో నేను, ఎందుకైనా మంచిదని, కుడికన్ను మూసుకుని ఎడమకంటితో పత్రిక చదవడం అలవాటు చేసుకున్నాను. గడ్డం గీసుకోవడం కూడా. మా ఆవిడ చూసి, "కంట్లో ఏమన్నా పడిందా?" అని అడిగింది. ఇంకా లేదని చెప్పాను. దీపావళి టపాకాయల శబ్దానికి వీధిలో కుక్కలు ఎక్కడెక్కడ దూరాయో నాకు బాగా తెలుసు. అప్పటికే ఆ చోట్లన్నీ నేను చూసి పెట్టుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే పాలారు ఏటి ఇసుకలోకి వెళ్ళాం. యజమాని, మేస్త్రి, నేను. పొన్నై రైతు తన గూడుబండిలో వచ్చాడు. ఎద్దుల్ని విప్పి దూరంగా కట్టేశాడు. తుపాకీ ముందు బండి ఉండకూడదని దాన్ని జాగ్రత్తగా వెనక వైపు నిలబెట్టాడు. తుపాకీ ముందు ఉండకూడదని లోకానికంతా తెలుసు. వెనక ఉండకూడదని మా వృత్తివాళ్ళకు మాత్రమే తెలుసు.

మేస్త్రి మందు కూరి, గజం కడ్డీతో దట్టించాడు. తొలి కాల్పుకి మామూలు కన్నా ఎక్కువ మందు వెయ్యాలి. అదీ నియమమే. తుపాకీ నా చేతికిచ్చాడు. బరువుగా, చల్లగా ఉంది. భుజానికి ఆనించుకుంటే, ఆ బిరడా నా కుడికంటి పక్కన, ఇంత దగ్గరగా కూచుంది. ఎవరో చెవిలో రహస్యం చెప్పబోతున్నట్టు.

దించేశాను. గాలి ఎక్కువగా ఉందన్నాను.

"పందికి గాలితో పనేమప్పా?" అన్నాడు రైతు.

రాహుకాలమేమో అన్నాను. యజమాని నీడ చూసి, కాదన్నాడు.

దాహం వేస్తోందన్నాను. రైతు చెంబు ఇచ్చాడు. తాగాను. ఆ నీళ్ళు గొంతు దాకా వెళ్ళి, దిగాలా వద్దా అని ఆలోచించుకున్నాయి.

"సామికి ఇంకేమన్నా కావాల్నా?" అన్నాడు మేస్త్రి. "పాన్‌సుపారీ? విసనకర్ర?"

అప్పుడు నా నోటికి ఒక సాకు తట్టింది. అంతకుముందు మూడు సాకుల్లాంటిదే అదీ. దానికి జ్ఞానమని ఎవరూ పేరు పెట్టకండి. "బిరడాకి మసి పట్టించి చూశారా మేస్త్రీ?" అన్నాను.

మేస్త్రి ముఖం ముడుచుకుంది. "చేత్తో తీర్చినదానికి మసి. యంత్రం కోసినదానికి మసి యాల? యంత్రానికి అబద్ధం తెలీదప్పా."

"తెలియదు. అయినా చూద్దాం."

"తాళి కట్టేసినాక పెండ్లికూతురు పండ్లు లెక్కబెడతావా?"

"లెక్కబెడతాను," అన్నాను.

యజమాని ఒంటికన్నుతో నన్ను చూశాడు. "విప్పు మేస్త్రీ," అన్నాడు.

మందు తీసేశారు. మేస్త్రి గొణుక్కుంటూ బిరడా విప్పాడు. రైతు బండికి వేలాడే లాంతరు గాజులోంచి మసి తీసి, మరలకు పట్టించి, బిగించాడు. బిర్రుగా పట్టింది. "చూసినారా?" అన్నట్టు మమ్మల్ని చూసి మళ్ళీ విప్పాడు.

చివరగా బిగిసే కొసన ఒక్క చుట్టు మెరుస్తోంది. వెండితీగలా ఒక్కటే. మిగతా చుట్లన్నీ పట్టించిన మసి పట్టించినట్టే, నల్లగా, మెత్తగా ఉన్నాయి. గొట్టాన్ని అవి తాకనే లేదు.

బిరడా కోసేటప్పుడు లేత్ తల వైపు ఉన్న కొస లావుగా, ఇవతలి కొస సన్నగా వచ్చింది. కంటికి తెలియనంత తేడా. ఆ చివరి చుట్టు బిర్రుగా పట్టినందుకే అందరం గట్టిగా ఉందనుకున్నాం. యజమాని చెయ్యి మెల్లగా పైకి లేచి, తన చెంప మీద చుక్కల్ని తడిమింది.

"కట్టేసి కాల్చండి, ఏమవుతాదో చూద్దాం," అన్నాడు. "మా నాయన ఉన్నింటే ఒప్పుకోడు. లేడు కదా."

పాడైన బిరడానే మళ్ళీ బిగించి, మందు కూరి, గట్టున ఉన్న తుమ్మచెట్టు కొమ్మల సందులో తుపాకీని కట్టి, గుంటలో పడుకుని మేస్త్రి తాడు లాగాడు. శబ్దం మామూలుగా ముందుకు పోవాలి. ఇది వెనక్కి వచ్చింది. పొగ తేరాక చూస్తే గొట్టానికి బిరడా లేదు, బండి గూడుకి ఈ వైపు ఒక చిల్లి, ఆ వైపు ఒక చిల్లి.

"పందిని కొట్టమంటే నా బండిని కొట్టినారే!" అని అరిచాడు రైతు.

నేను వెళ్ళి ఆ చిల్లి పక్కన నిలబడ్డాను. సరిగ్గా నా ముక్కు ఎత్తున ఉంది. అక్కడే ఇసుకలో కూచున్నాను. కూచోవాలని అనుకోలేదు.

కొట్టుకి వచ్చాక మేస్త్రి లేత్ ముందు కర్పూరం వెలిగించి, చెంపలు వేసుకుని, తడిగుడ్డతో తల దగ్గరి బొట్టు తానే తుడిచాడు. బండి కింద నలిగి అక్కడే ఎండిపోయిన చందనం పెంకులు పెంకులుగా లేచింది. దాని కింద పట్టాలు, ఎన్నో ఏళ్ళు కాళ్ళు తొక్కిన గడప నడుమ అరిగినట్టు, లోతుగా అరిగి ఉన్నాయి. వేలెడు పొడవు సామాన్లు చేసినన్నాళ్ళూ బండి అక్కడే, ఆ జానెడు మేరలోనే తిరిగింది. అది తిరగని నడుమ భాగంలో ఆసామి మాకు కడ్డీ కోసి చూపించాడు. మా పని మాత్రం తల దగ్గర. ఇరుసు బెజ్జం కావాలని ఎంచిందే అందుకు కదా. అరిగిన చోటికి బండి రాగానే కొంచెం కుంగుతుంది, కోత తప్పుతుంది.

"తిరిగి పంపిద్దామా?" అన్నాను.

"బొట్టు పెట్టి తెచ్చుకున్నదాన్ని తిరిగి పంపతామా?" అన్నాడు యజమాని. కోడలి గురించి మాట్లాడుతున్నట్టే అన్నాడు.

మేస్త్రి తల కొట్టుకుని, తిట్టుకుని, చివరికి దారి కనుక్కున్నాడు. లేత్ తల నుంచి పనిని ముందుకు జరిపి పట్టుకునే బలమైన ఇనుప పట్టు ఒకటి చేయించాడు. ఊగకుండా నడుమ ఒక ఆనుడు పెట్టాడు. అరగని చోట కోత పెట్టాడు. గొట్టం చెడిన కొస కోసేసి కొత్త మర కోశాడు, కొత్త బిరడా చేశాడు. ఈసారి మసి మేమెవరమూ చెప్పక ముందే పట్టించాడు. చుట్లన్నీ మెరిశాయి. మళ్ళీ పట్టించాడు. మళ్ళీ మెరిశాయి. నేను ఇంకోసారి పట్టించమన్నాను. మారు మాట్లాడకుండా పట్టించాడు.

మళ్ళీ పాలారు. మళ్ళీ అదే ఇసుక. పొన్నై రైతు ఈసారి బండిని రోడ్డు మీదే వదిలి నడిచొచ్చాడు. మీరు అనుకోవచ్చు, బిరడా బాగుందని తేలింది కదా, భయమెందుకని. మొదటిసారి నాకు భయపడటానికి ఊహ మాత్రమే ఉంది. రెండోసారి వెదురుగూడుకు పడ్డ చిల్లి ఉంది. తర్కం ప్రకారం క్షేమంగా ఉన్నానని నాకు తెలుసు. నా మోకాళ్ళు తర్కం చదవలేదు.

మందు కూరి తుపాకీ నా చేతికిచ్చారు. భుజానికి ఆనించుకున్నాను. చెంప ఆనించాను. ఇనుము చల్లదనం పంటిదాకా పాకింది.

మేస్త్రి నా పక్కకు వచ్చాడు. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కెం లేదు. "ఇట్లియ్యి సామీ. నేను కాలుస్తా. ఆ దినం బొట్టు తుడవనియ్యకుండా నీ చెయ్యి లాగింది నేనే. ఇది నాది."

ఇవ్వాలనే అనుకున్నాను. మనస్ఫూర్తిగా అనుకున్నాను. ఆ మాట కోసం నేను దసరా నుంచి ఎదురుచూస్తున్నాను. కానీ నా వేళ్ళు తుపాకీ చుట్టూ బిగుసుకుపోయాయి. విప్పమని చెప్పాను, అవి వినలేదు. నోరు తెరిచి ఆ సంగతి చెబుదామంటే దవడ కూడా వాటి పక్షమే.

మేస్త్రి తుపాకీ పట్టుకుని మెల్లగా లాగాడు. రాలేదు.

"ఇయ్యనంటావా?" అన్నాడు.



"వదిలెయ్ మేస్త్రీ," అన్నాడు యజమాని. "ఇయ్యడంట. మొగోడు!"

అలా మేస్త్రి వెనక్కి జరిగాడు. నా చుట్టూ ఎవరూ లేరు. బిగుసుకుపోయిన వేళ్ళలో ఒకటి ట్రిగ్గరు మీద ఉంది. అది ఇంకొంచెం బిగుసుకుంది.

శబ్దం నేను వినలేదు. భుజం మీద ఎవరో దుడ్డుకర్రతో కొట్టినట్టయింది. పొగ. గంధకం వాసన. చాలాసేపు కళ్ళు మూసుకునే ఉన్నాను. తర్వాత ఎడమకన్ను తెరిచాను. అది నేను సాధన చేసిన కన్ను. ఇసుక కనిపించింది. దాన్ని మూసి, ప్రాణాలు బిగబట్టి, కుడికన్ను తెరిచాను. అదే ఇసుక. అంత అందమైన ఇసుకను నేను మళ్ళీ చూడలేదు.

"దించు నాయనా, దించు," అంటున్నాడు యజమాని. ఆయన ఒంటికన్ను తడిసి ఉంది. పొగ వల్ల కావచ్చు. దించడం నా వల్ల కాలేదు. ఆయన ఒక చేతి వేళ్ళు, మేస్త్రి ఒక చేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తుపాకీ తీసుకున్నారు.

ఆ తర్వాత వేలూరు నుంచి పొన్నైదాకా నాకు ధైర్యవంతుడని పేరొచ్చింది. చేతికిచ్చిన తుపాకీని తిరిగి ఇవ్వలేదట అని చెప్పుకునేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేను సవరించలేదు. కొట్టుకి ఏ యంత్రం కొనాలన్నా నన్నే పంపేవారు. ఎక్కడికి వెళ్ళినా ముందు ఒక తడిగుడ్డ అడిగేవాణ్ణి. ఇంట్లో ఆడవాళ్ళకు కోపం వచ్చేది. కోపం తగ్గుతుంది, కన్ను రాదు. ఆ లేత్ మాత్రం మా కొట్టులో చివరిదాకా పనిచేసింది. దాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో మాకు తెలుసు. మనుషుల విషయంలో అంత తెలిస్తే ఇంకేం కావాలి.

మరుసటి ఏడు ఆయుధపూజకు మేస్త్రి కుంకుమ భరిణె పట్టుకుని లేత్ చుట్టూ ఒకసారి తిరిగాడు. పట్టాల వైపు చూశాడు. వద్దనుకుని వంగి, దాని కాళ్ళకు బొట్టు పెట్టాడు. తర్వాత వేలికి మిగిలిన కుంకుమతో నా దగ్గరికి వచ్చి, నా నుదుట పెట్టాడు.

"దీని కింద ఏమన్నా అరిగిన చోటు దాగుండాదా సామీ?" అన్నాడు.

"తుడిచి మాత్రం చూడొద్దు మేస్త్రీ," అన్నాను.